మాస్టారి చేతిలో చిత్రిక

మొన్న మిస్సిసాగాలో మనవాళ్ల పిక్నిక్‌లో, కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఓ అమ్మాయి ప్లేటు పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఇక్కడి కాలేజీలో మ్యూజియం కోర్సు చేస్తోందట.

"ఆంటీ, మీరు ఏం జాబ్ చేసిన్రు?" అని అడిగింది.

"మ్యూజియంలో పాత ఫొటోలకు వివరాలు రాసేదాన్ని."

"అంటే ఫొటో కింద పేర్లు రాసుడేనా? గంతేనా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "అంతేనమ్మా. ఇరవై రెండేళ్లు అవే రాసింది. ఇంట్లో డబ్బాల మీద మాత్రం ఒక్క పేరూ రాయదు. మొన్న టీలో ఉప్పు పడింది."

ఆ అమ్మాయి నవ్వి పెరుగన్నం తెచ్చుకోవడానికి లేచింది, మళ్లీ కనిపించలేదు. ఆమెకు చెప్పాల్సింది నాలో ఉండిపోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. ఒక్కటే వచ్చింది, కుర్చీ మారింది, కిటికీ రాలేదు. ఎక్కువగా నేను చేసిన ఓ పెద్ద తప్పు గురించి రాస్తాను. ఈ పని నాకు నేర్పింది అదే.

పని ఏమిటంటే

టొరంటోకు పడమరగా ఓ ఊళ్లో చిన్న మ్యూజియం. కింది అంతస్తులో చల్లటి గది. అందులో అట్టపెట్టెలు, వాటిలో కాగితపు కవర్లు, ఆ కవర్లలో ఫొటోలు, గాజు మీద తీసిన పాతకాలం నెగెటివ్‌లు. ఒక్కో కవరు తెరిచి, బొమ్మలో ఎవరున్నారు, ఎక్కడ, ఏం చేస్తున్నారు అన్నది చూసి కంప్యూటర్లో రికార్డు రాయాలి. రికార్డు లేని ఫొటో ఉన్నా లేనట్టే. రేపు ఎవరైనా తమ తాతను వెతుక్కుంటూ వస్తే, ముందు వెతికేది మనం రాసిన నాలుగు లైన్లలోనే.

మా బాస్ పేరు హ్యారల్డ్. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నెమ్మదస్తుడు, కోపం వచ్చేకొద్దీ గొంతు తగ్గేది. మొదటిరోజే తనను పేరు పెట్టి పిలవమన్నాడు. అంత పెద్దమనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఏళ్ల తరబడి ఏమీ పిలవకుండా, ఆయన వెనక నిలబడి దగ్గి పని జరుపుకున్నాను. పాపం, నాకు ఆస్తమా అనుకుని నా బల్ల పక్కన గాలి శుభ్రం చేసే మిషను పెట్టించాడు. నిజం చెప్పడానికి మొహమాటపడి పదేళ్లు ఆ గాలే పీల్చాను.

ఆయన నేర్పిన సూత్రం ఒకటే. "కవరు మీద ఏముంటే అదే రాయి. నీ కవిత్వం కలపకు." మంచి సూత్రమే. కాకపోతే ఆ కవరు మీద రాసిందీ ఓ మనిషే, ఆ మనిషికీ కొన్ని కళ్లద్దాలుంటాయి.

కవర్లు చెప్పనివి

ఒంటారియో నైరుతి మూల నల్లజాతివాళ్ల ఊళ్లున్నాయి. తరతరాలుగా పొలాలు చేసుకున్నారు, చర్చిలు కట్టుకున్నారు. వాళ్ల పిల్లలకు వేరే బడులు పెట్టే వీలు ఇక్కడి చట్టంలోనే చాలాకాలం ఉండేది. కెనడాలో అలాంటివి ఉండవనుకుని వచ్చినదాన్ని నేను. ఫొటోలు ఒక్కొక్కటే తెరుస్తుంటే ఆ భ్రమ పోయింది.

ఓ ఫొటో మాంట్రియల్ స్టేషన్‌లో తీసింది. రైలు పెట్టెల్లో పడకలు వేసే పోర్టర్లు ఆరుగురు, ఆరుగురూ నల్లజాతివాళ్లు, ఇస్త్రీ మడత నలగకుండా నిలబడ్డారు. కవరు మీద ఇంజను నంబరుంది. రైలు పేరుంది. చివర ఉన్న తెల్ల ఇన్‌స్పెక్టరు పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆ ఆరుగురికీ కలిపి ఒక్క మాట, "పోర్టర్లు". ఇంజనుకు చేసిన మర్యాద కూడా మనుషులకు చేయలేదు.

ఇంకోటి టైపు క్లాసు. తొమ్మిదిమంది నల్లజాతి అమ్మాయిలు, తొమ్మిది మిషన్లు, పక్కన చేతులు కట్టుకున్న దొరసాని. చూడగానే ఎంత బాగా నేర్పుతున్నారో అనిపిస్తుంది. తీరా చూస్తే ఒక్క మిషన్లోనూ కాగితం లేదు. ఆ ఫొటో చందాలిచ్చేవాళ్లకు పంపడానికి తీశారు. చందాదారుకు కావాల్సింది నేర్పుతున్నట్టు కనపడటం. ఆ అమ్మాయిల్లో ఎవరైనా నిజంగా టైపిస్టు అయిందా అన్నది ఎవరూ రాసిపెట్టలేదు.

అందుకే కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేను చెప్పేదాన్ని, ముందు చేతులు చూడండి అని. ముఖం ఫొటోగ్రాఫరు చెప్పినట్టు వింటుంది, చేతులు అంత తేలిగ్గా వినవు. ఏళ్ల తరబడి ఈ పాఠం చెప్పాను. నాకు అవసరమైన రోజున నేనే మరిచాను.

మా నాన్న స్టూడియో

నా తప్పు అర్థం కావాలంటే తణుకు వెళ్లాలి. అక్కడ మా నాన్నకు ఫొటో స్టూడియో ఉండేది. లోపల ఓ కోటు, వీపు వైపు చీల్చి నాడాలు కట్టింది, ఎంత లావువాడికైనా పడుతుంది. నడవని చేతిగడియారం ఒకటి. ఓ లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, అది పాత రైల్వే టైమ్‌టేబుల్. పొలం నుంచి వచ్చినవాడికి నాన్న కోటు తొడిగి, గడియారం కట్టి, టైమ్‌టేబుల్ చేతికిచ్చి, "కాస్త చదువుకున్నవాడిలా చూడవోయ్" అనేవాడు. అతను అలాగే చూసేవాడు. ఆ ఫొటో ఇంట్లో దేవుడి పటం పక్కన ఉండేది.

నా వంతు టచింగ్. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలు పూస్తే ప్రింటులో ఆ చోటు తెల్లబడుతుంది. తొమ్మిదో తరగతి నుంచే నా చేయి బాగా తిరిగింది. సంబంధాలకు వెళ్లే ఫొటో ఏదైనా నా పెన్సిలు కింద నుంచే వెళ్లాలి. నల్లవాళ్లు చామనఛాయ అయ్యేవాళ్లు, చామనఛాయ వాళ్లు ఎర్రగా అయ్యేవాళ్లు. ఎర్రగా ఉన్నవాళ్లు కూడా ఇంకాస్త వేయమనేవాళ్లు. మనం విచిత్రమైన జనం. పదో తరగతి సర్టిఫికెట్లో ఐడెంటిఫికేషన్ మార్క్స్ అని రెండు పుట్టుమచ్చలు రాయిస్తాం. మాస్టారు చొక్కా చేయి పైకెత్తించి మరీ వెతికి రాస్తాడు. అదే మనిషి స్టూడియోకు వస్తే ఆ రెండూ తుడిచెయ్యమంటాం.

నా ఫొటో నాన్నే టచ్ చేశాడు. సొంత కూతురు కదా, రెండు ఛాయలు ఎక్కువే వేశాడు. ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ, సర్టిఫికెట్లో మొదటిది, మాయమైంది. పెళ్లిచూపులనాడు నేను స్వీట్లు పెట్టి ఎదురుగా కూర్చుంటే, పెళ్లికొడుకు మర్యాదగా నా వెనక ఉన్న తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ పెళ్లికొడుకే మా ఆయన. అలా చూడలేదనే ఎప్పుడూ వాదిస్తాడు.

పదకొండు మంది

నేను చేరిన పన్నెండో ఏడు మ్యూజియంలో నల్లజాతివాళ్ల చరిత్ర మీద ఎగ్జిబిషన్ పెట్టారు. ఒక గోడ శ్రమకు, ఎదురు గోడ చదువుకు. ప్రింట్లు సిద్ధంచేసే అతను అప్పుడే ఉద్యోగం మానేశాడు. ఎవరైనా చేస్తారా అని హ్యారల్డ్ అడిగితే నేను చెయ్యెత్తాను. పాత పని మళ్లీ చేతికి దొరికిందని మహా సంబరపడ్డాను.

"దుమ్ము, గీతలు. అంతే తియ్యి" అన్నాడు హ్యారల్డ్.

అన్నిటికన్నా పెద్ద ప్రింటు ఓ గాజు నెగెటివ్‌ది. చెక్క గోడల కట్టడం ముందు పదకొండు మంది నల్లజాతి స్త్రీపురుషులు వరసగా నిలబడ్డారు. ఒకరి చేతిలో చీపురు, ఒకరి చేతిలో రంపం, ఒకరి చేతిలో పార. మధ్యలో సన్నటి మనిషి చేతిలో చెక్కను నునుపు చేసే వడ్రంగి చిత్రిక. పక్కగా టోపీ పెట్టుకున్న ఓ తెల్లాయన. కవరు మీద ఆ తెల్లాయన పేరు పూర్తిగా రాసి, "మిల్లు యజమాని, తన నల్ల కూలీలతో" అని ఉంది.

నెగెటివ్‌ను స్కాన్ చేసి, కంప్యూటర్లో దుమ్ము తీశాను, గీతలు తీశాను. ఆ రోజుల్లో తెల్ల చొక్కా బాగా రావాలని చూసుకుని ఫొటో తీసేవాళ్లు, నల్లటి ముఖాన్ని చీకటికి వదిలేసేవాళ్లు. ఆ చీకట్లోంచి కళ్లూ ముక్కూ కాస్త పైకి తేవడం తప్పేమీ కాదు. తెచ్చాను. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. చేయి ఆగలేదు. ఒకరి బుగ్గ నునుపు చేశాను, ఇంకొకరి కళ్ల కింద గుంటలు పూడ్చాను, అందరికీ ఓ ఛాయ వేశాను, తరవాత ఇంకోటి వేశాను. మధ్యలో ఉన్నాయన ఎడమ కనుబొమ మీద ఏటవాలుగా ఓ గీత ఉంది. గాజు మీద గీత అనుకుని ఒక్కో వెంట్రుకా పేర్చి కనుబొమ అతికించాను. వెనక తెరిచి ఉన్న తలుపులో ఏవో తెల్లటి మరకలుంటే నల్లగా పూసేశాను. మూడు గంటల్లో పదకొండు మందీ పెళ్లిచూపులకు సిద్ధమయ్యారు.

హ్యారల్డ్ దూరం నుంచి చూసి, "చాలా స్పష్టంగా ఉంది" అన్నాడు. అది గోడకెక్కింది.

మిస్ ఓపల్

ఎగ్జిబిషన్ తెరవడానికి మూడు రోజుల ముందు ఆ ఊళ్ల పెద్దవాళ్లను చూడటానికి పిలిచాం. వాళ్లలో మిస్ ఓపల్ ఉంది. ఎనభై ఆరేళ్లు, రిటైరైన టీచరు, చేతికర్ర, నీలం టోపీ. వాళ్లలో అరవై ఏళ్లవాళ్లు కూడా ఆవిడను మిస్ ఓపల్ అనే పిలుస్తారు. మన "గారు" లాంటిది ఒకటి దొరికిందని నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆవిడ ఆ పెద్ద ప్రింటు ముందు ఆగింది. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కో ముఖమూ చూసింది. మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చింది.

"ఎవరికోసం చూస్తున్నారు?" అన్నాను.

"మా అమ్మవాళ్ల నాన్న, ఇలైజా. ఈ కట్టడం ముందు ఫొటో తీశారని అమ్మ చెప్పేది. ఉన్న ఒక్క కాపీ మిల్లాయన పట్టుకెళ్లాడట. మా ఇంట్లో తాత ఫొటో ఒక్కటీ లేదు. నేను పుట్టకముందే పోయాడు."

"ఎలా ఉండేవారు?"

"ఎడమ కనుబొమ రెండు ముక్కలు. మా అమ్మ అదొక్కటే చెప్పేది, దాన్నిబట్టి ఎక్కడున్నా పోల్చుకోవచ్చని." కర్ర మీద వంగి మళ్లీ చూసింది. "ఇందులో లేడు. వీళ్లకు ఏం చేశారమ్మాయ్? అందరినీ ఒకే సబ్బుతో కడిగినట్టున్నారు."

ఆవిడ చివరిసారిగా ఆ ముఖాలను దాటి, ప్రింటు పక్కనున్న గోడ వైపు చూసింది. ఫొటోలో ఉండాల్సిన మనిషి ఇంకెక్కడైనా ఉన్నాడేమో అన్నట్టు. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు ఆ చూపుకు ఎదురుగా స్వీట్ల ప్లేటుతో కూర్చున్నదాన్ని.

"కనుక్కుని చెబుతాను" అని కిందికి పరిగెత్తాను. అసలు నెగెటివ్ తీసి దీపం మీద పెట్టి భూతద్దంతో చూశాను. అది గాజు మీద గీత కాదు. చర్మం మీద మచ్చ, అంచున నీడ కూడా ఉంది. మధ్యలో చిత్రిక పట్టుకున్నాయనే ఇలైజా. ఆయన ఆనవాలు తుడిచింది నేను.

నాలుగు వందల ఒకటో రోడ్డు మీద

ఆ సాయంత్రం మా ఆయన మ్యూజియం నుంచి నన్ను ఎక్కించుకున్నాడు. ఆయన మందుల కంపెనీలో పనిచేసేవాడు. 401 మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అంతా చెప్పాను. చరిత్ర ఫొటోను దిద్దడం మా వృత్తిలో ఉద్యోగం పోయేంత తప్పు అని కూడా చెప్పాను.

"సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిందని చెప్పు" అన్నాడు. "మా ప్లాంట్‌లో ఏ బ్యాచ్ రిజెక్ట్ అయినా మెషిన్ మీదకి తోసేస్తాం. మెషిన్ ఎదురు చెప్పదు గదా."

"మరి అసలు ఫొటో?"

"సైలెంట్‌గా మార్చేయ్. ఎవరు చూస్తారు?"

నాకు ఎందుకో ఒళ్లు మండింది.

"పెళ్లిచూపుల్లో మీరు తలుపు వైపు ఎందుకు చూశారు?"

"నేనేం చూళ్లేదు."

"ఇవాళైనా చెప్పండి."

ఆయన స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేశాడు. "ఫొటోలో పిల్ల కోసం" అన్నాడు చివరికి. "అయినా నువ్వు ఎదురుగా ఉన్నావు. ఆ పిల్ల రాకపోయినా నువ్వు దొరికావు. ఆ మామ్మగారికి వాళ్ల తాత ఇంకెక్కడ దొరుకుతాడే?"

అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఆయన నాకు అంత పనికొచ్చే మాట చెప్పలేదు.

హ్యారల్డ్ గది

మర్నాడు పొద్దున్నే, నేను దిద్దినదీ దిద్దకుండా వేసినదీ, రెండు చిన్న ప్రింట్లు ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. దగ్గలేదు. "హ్యారల్డ్" అని పిలిచాను. ఆయనే ఉలిక్కిపడ్డాడు.

ఒకదాన్నుంచి ఇంకోదానికి రెండుసార్లు చూపు తిప్పాడు. మాట్లాడినప్పుడు గొంతు నేలకు తాకేంత కిందికి పోయింది.

"ఎంతమందిని?"

"పదకొండు మందినీ."

"మిల్లు యజమానిని?"

"ఆయన్ని ముట్టుకోలేదు. ముందే తెల్లగా ఉన్నాడు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నేను స్టూడియో, పెన్సిలు, సంబంధాలు, అన్నీ చెప్పాను. ఇది చెప్పాల్సి రావడం ఉద్యోగం పోవడం కన్నా సిగ్గుగా అనిపించింది. వాళ్ల ముఖాలు నాకు అసహ్యమై చేయలేదు. చక్కగా కనపడాలనే చేశాను. చక్కదనం అంటే తెలుపు అని నా చేతికి ఎవరు నేర్పారో అప్పటిదాకా ఆలోచించలేదు. అదే అసలు తప్పు, మిగతావన్నీ దాని పిల్లలు.

"మళ్లీ ప్రింటు వేయిస్తాను" అన్నాడు. "కానీ ఇది శ్రమ గోడ మీదే ఉంటుంది. కవరు మీద కూలీలని ఉంది."

"తలుపులో చూడండి."

అసలు ప్రింటులో, నేను మరకలనుకుని పూసేసిన చోట, నల్లబల్ల ఉంది. దాని మీద సుద్దతో పెద్ద భాగహారం.

"కూలీల షెడ్డులో భాగహారం ఎవరు చేస్తారు?" అన్నాను.

హ్యారల్డ్ భూతద్దం తీసుకున్నాడు. పెదాలు కదిలాయి. ఆ పెద్దమనిషి లెక్క చేస్తున్నాడని నాకు ఓ నిమిషానికి గాని తెలియలేదు.

"శేషం కూడా సరిగ్గానే ఉంది" అన్నాడు. తరవాత కవరు తిరగేసి దాని వైపు కాసేపు చూశాడు. "ముప్ఫై ఏళ్లుగా నేను ఈ కవర్లను నమ్మాను."

కవరు మీది మాటలు చెరపలేదు, చెరపకూడదు కూడా. కొటేషన్ గుర్తుల మధ్య అలాగే ఉంచి, కింద మా మాట రాశాం. ఫొటో చదువు గోడకు మారింది. నా ఫైల్లో ఓ ఉత్తరం చేరింది, ప్రింట్లు దిద్దే పని నాకు ఇక ఎప్పుడూ ఇవ్వకూడదని. లోకానికి మంచిదే.

రెండో గుర్తు

తెరిచే రోజు పొద్దున, జనం రాకముందే మిస్ ఓపల్‌ను రమ్మన్నాను. కొత్త ప్రింటు ముందు కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోలేదు. మధ్య ముఖం దగ్గరే చూపు నిలిచింది. అరచెయ్యి పైకెత్తి, అద్దానికి తగలకుండా, ఆ కనుబొమ ముందు గాల్లో పట్టుకుంది.

"వచ్చావా" అంది.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఎనభై ఆరేళ్ల మనిషి తన తాతను మొదటిసారి చూస్తోంది. మూడు రోజుల కిందట ఆ ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్నది నా చేయి. చేసింది నేనని చెప్పాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "మీ దగ్గరా అదే జబ్బా?" అంది. అంతే. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

తరవాత ఆ మచ్చ కథ చెప్పింది. ఇలైజా ఆ బడికి మాస్టారు, మిగతావాళ్లు ఆ బడి పెట్టుకున్న ఊరివాళ్లు. లెక్క తప్పు చేశావన్నందుకు ఓ పిల్లాడు పలక విసిరికొట్టాడు. అంచు కనుబొమకు తగిలింది. "పెద్దయ్యాక వాడికే తన పెద్ద కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. లెక్కలు మాత్రం వాడికి ఎప్పటికీ రాలేదట."

అది విన్నాక నాకు మా నాన్న స్టూడియో గుర్తొచ్చింది. మా నాన్న చదువురానివాడి చేతికి పుస్తకం ఇచ్చి నిలబెట్టాడు. ఇక్కడ మిల్లు యజమాని పిలిపించిన ఫొటోగ్రాఫరు చదువు చెప్పేవాడి చేతికి పనిముట్టు ఇచ్చి, మిల్లు కూలీలా నిలబెట్టాడు. రెండూ వేషాలే. కానీ మా నాన్న దగ్గరికొచ్చినవాడు వేషం తనే అడిగి వేయించుకున్నాడు, ఫొటో ఇంటికి పట్టుకెళ్లాడు. మాస్టారికి ఆ రెండూ దక్కలేదు.

పక్కన చిన్న తెర మీద నేను రాసిన రికార్డు ఉంది. మిస్ ఓపల్ కళ్లద్దాలు సర్దుకుని చదివింది. పేరు ఇలైజా. వృత్తి ఉపాధ్యాయుడు. ఐడెంటిఫికేషన్ మార్క్స్: ఒకటి, ఎడమ కనుబొమ మీద పలక అంచు మచ్చ. రెండు, ఖాళీ.

ఉపాధ్యాయుడు, పలక అంచు అన్న మాటలు అప్పుడే చేర్చి ఇంకా తెర దగ్గరే ఉన్నాను. హ్యారల్డ్ కూడా వచ్చి చదివాడు. "ఈ పద్ధతి ఎక్కడిది?" అన్నాడు.

"మా పదో తరగతి సర్టిఫికెట్‌ది."

"మరి రెండోది ఖాళీగా వదిలేశావేం?" అంది మిస్ ఓపల్. టీచరు కదా, నింపని గడి చూస్తే ఊరుకోదు.

"మా దగ్గర రెండూ రాస్తేగాని సర్టిఫికెట్ ఇవ్వరు. ఎంత వెతికినా ఇంకోటి దొరకలేదు."

ఆవిడ మళ్లీ ఫొటో వైపు తిరిగింది. ఈసారి ముఖం చూడలేదు, చేతులు చూసింది. ముందుకు వంగింది. భుజాలు కదలడం మొదలైంది, టోపీ కదిలింది, చేతికర్ర నేల మీద టకటకలాడింది. ఏడుస్తోందని హ్యారల్డ్ కుర్చీ జరిపాడు. నవ్వుతోంది.

"ఆయనకు మేకు కొట్టడం కూడా రాదని అమ్మ చెప్పేది. కుర్చీ బాగుచేశాడంటే ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చోవాల్సిందేనట. చూడమ్మాయ్, ఎలా పట్టుకున్నాడో."

చూశాను. చిత్రిక బ్లేడు ఆకాశం వైపు ఉంది, పిడి కింద ఉంది. పదకొండు ముఖాలకు ఛాయలు వేస్తూ మూడు గంటలు ఆ ఫొటో ముందు కూర్చున్నదాన్ని, ముందు చేతులు చూడమని ఊరందరికీ చెప్పినదాన్ని, అది చూడలేదు.

"రాయి" అంది మిస్ ఓపల్.

అక్కడే నిలబడి రాశాను. హ్యారల్డ్ వద్దనలేదు. మీరు ఆ మ్యూజియానికి వెళ్లి రికార్డు తెరిస్తే ఇప్పటికీ అలాగే ఉంటుంది. ఇలైజా, ఉపాధ్యాయుడు. ఒకటి, ఎడమ కనుబొమ మీద పలక అంచు మచ్చ. రెండు, చిత్రిక తలకిందులుగా పట్టుకున్నాడు.